స్కూలు అయిపోయింది, కాలేజీ మొదలైంది: ఆ మధ్యలో పిల్లలు ఎక్కడ జారిపోతున్నారు?

క్లుప్తంగా: స్కూల్లో బాగా చదివిన పిల్లలు కాలేజీలో మొదటి ఏడాదే వెనకబడితే దానికి తెలివి తగ్గడమో, బద్ధకమో కారణం కావడం అరుదు. స్కూలూ ఇల్లూ కలిసి ఇన్నేళ్లుగా మోసిన బరువు ఒక్కసారిగా పిల్లల భుజాల మీదికి మారుతుంది, మారిందన్న సంగతి మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పరు. ఇంట్లోవాళ్లు ‘ఇక కాలేజీ చూసుకుంటుంది’ అనుకుంటారు. కాలేజీ ‘పెద్దవాళ్లయ్యారు, వాళ్లే చూసుకుంటారు’ అనుకుంటుంది. ఇంటి నుంచి బాధ్యతలు విడతలుగా పిల్లల చేతికి రావడం, కాలేజీ నుంచి అడగకముందే పలకరింపు రావడం, ఈ రెండూ ఉన్నచోట ఫలితాలు మారుతున్నాయి.

స్కూల్లో ఎప్పుడూ ముందు వరసలో ఉన్న అమ్మాయి, కాలేజీలో చేరిన రెండో నెలకే క్లాసులు మానడం మొదలుపెడుతుంది. మార్కుల కోసం ఏనాడూ ఒక మాట పడని అబ్బాయి మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తప్పుతాడు. ఇంట్లోవాళ్లకు ముందు ఏమీ అర్థం కాదు, తర్వాత కోపం వస్తుంది, ఆ తర్వాత కారణం కోసం వెతుకులాట: ఫోన్ వల్లా, స్నేహితుల వల్లా, అసలు కోర్సే తప్పా? వీటిలో ఏదో ఒకటి కొన్నిసార్లు నిజమే కావచ్చు. కానీ చాలామంది విషయంలో అసలు కారణం అంతకంటే మామూలుది, అందుకే కంటికి ఆనదు.

## స్కూలు చెప్పకుండా చేసిపెట్టిన పనులు

స్కూలు పాఠాలు చెబుతుందని అందరికీ తెలుసు. దాంతోపాటు అది రోజును ముక్కలుగా కోసి పిల్లల చేతిలో పెడుతుంది. ఈ గంటలో ఇది, తర్వాతి గంటలో అది, ఈ హోంవర్కు రేపటికి, ఆ పరీక్ష శుక్రవారం. ఒకరోజు రాకపోతే ఇంటికి ఫోన్ వస్తుంది. రెండు వారాలు వరసగా మార్కులు తగ్గితే టీచర్ మొహం చూసే పసిగడతారు, ఎందుకంటే అదే పిల్లలు, అదే గది, ఏడాదంతా. ఇంట్లో లేపేవాళ్లు, గుర్తుచేసేవాళ్లు, ఫీజు గడువు చూసుకునేవాళ్లు వేరే ఉంటారు. ఇదంతా కలిపితే ఒక పూర్తిస్థాయి ఉద్యోగం. ఆ ఉద్యోగం ఎవరో చేస్తున్నారని పిల్లలకు తెలియదు, చేస్తున్నవాళ్లకూ సరిగ్గా తెలియదు.

ఇప్పుడు కాలేజీలో మొదటి వారం టైంటేబుల్ తీసి చూద్దాం. సోమవారం ఉదయం రెండు గంటల క్లాసు, ఆ తర్వాత మధ్యాహ్నం మూడింటిదాకా ఖాళీ, మూడింటికి ల్యాబ్. మంగళవారం ఒకే ఒక్క లెక్చర్. బుధవారం పొద్దున ఏమీ లేదు. మొత్తం కూడితే వారానికి పదహారు గంటలు. స్కూల్లో రోజంతా బెంచీ మీద కూర్చున్న పిల్లలకు ఇది సగం సెలవులా కనిపిస్తుంది. నిజానికి ఆ ఖాళీ గళ్లన్నీ ఖాళీ కావు. యూరప్‌లో వాడే క్రెడిట్ పద్ధతి ప్రకారం ఒక విద్యాసంవత్సరం అంటే 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ, అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. క్లాసులో గడిచేది అందులో కొంత భాగమే. అమెరికా లెక్కలో కూడా క్లాసులో ఒక గంటకు బయట రెండు గంటల సొంత చదువు ఉంటుందని అనుకునే సిలబస్ తయారుచేస్తారు. అంటే పదహారు గంటల టైంటేబుల్ వెనక మరో ముప్ఫైరెండు గంటలు దాక్కుని ఉన్నాయి. ఆ ముప్ఫైరెండు గంటలు ఏ కాగితం మీదా అచ్చు కావు. వాటిని ఏ రోజు ఏ గంటలో పెట్టుకోవాలో నేర్పే పీరియడ్ కూడా ఎక్కడా లేదు.

దీనికి తోడు ఇంకో మార్పు ఉంది, దాని సంగతి తక్కువమంది పట్టించుకుంటారు. స్కూల్లో తప్పు చేస్తే తెలిసిపోవడానికి వారం పడుతుంది. చాలా కాలేజీల్లో మొదటి మార్కు చేతికి వచ్చేసరికే సెమిస్టర్ సగం గడిచిపోతుంది. ఈలోగా ‘అంతా బాగానే ఉంది’ అనుకుంటూ కూర్చోవడం మొండితనమేమీ కాదు, వాళ్లకు అందిన సమాచారం అంతే. ఎనిమిదో వారంలో దిద్దిన పేపర్ చూసి ఉలిక్కిపడేసరికి వెనక్కి తిరిగి సర్దుకోవడానికి సమయం మిగలదు.

పనికి ఎంత సమయం పడుతుందో అంచనా వేయడంలో మనుషులందరూ పొరబడతారు, కొత్త విద్యార్థులే కాదు. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహ పరిశోధకులు ప్రచురించిన ఒక పరిశీలనలో, చివరి ఏడాది థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లలో పూర్తిచేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని విడిగా అడిగినప్పుడు చెప్పిన లెక్క కూడా దానికంటే తక్కువే ఉంది. ఏళ్ల తరబడి కాలేజీలో ఉన్నవాళ్ల పరిస్థితే ఇదైతే, మొన్నటిదాకా గంట కొడితే లేచిన పిల్లల సంగతి చెప్పక్కర్లేదు.

## క్లాసులు మొదలవకముందే తప్పిపోయేవాళ్లు

తడబాటు కాలేజీ గేటు దగ్గర మొదలవుతుందనుకుంటారు. చాలామందికి అది సెలవుల్లోనే మొదలవుతుంది. స్కూలు వదిలేసింది, కాలేజీ ఇంకా చేర్చుకోలేదు, ఆ రెండు మూడు నెలలూ పిల్లలు ఎవరి రిజిస్టర్‌లోనూ ఉండరు. సరిగ్గా అప్పుడే సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాలి, స్కాలర్‌షిప్ ఫారం నింపాలి, హాస్టల్‌కు అడ్వాన్సు కట్టాలి, సబ్జెక్టులు ఎంచుకోవాలి. ఒక్క మెయిల్ చూసుకోకపోతే సీటు పోయే రోజులవి.

అమెరికాలో బెంజమిన్ కాసిల్‌మన్, లిండ్సే పేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ జారుబాటును లెక్కగట్టారు. కాలేజీలో చేరతామని చెప్పి, సీటు కూడా వచ్చిన విద్యార్థుల్లో 10 నుంచి 20 శాతం దాకా ఆ సెలవులు ముగిసేసరికి ఎక్కడా చేరడం లేదు. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాల పిల్లల్లో ఈ వాటా ఇంకా ఎక్కువ. వీళ్లెవరూ చదువు వద్దనుకున్నవాళ్లు కాదు. ఒక ఫారం అర్థం కాలేదు, ఒక గడువు దాటిపోయింది, ఎవరిని అడగాలో తెలియలేదు. గడువుల్ని గుర్తుచేస్తూ, సందేహం ఉంటే ఇక్కడ అడగమంటూ ఫోన్‌కు మెసేజ్‌లు పంపితే చేరేవాళ్ల సంఖ్య పెరిగింది. అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2016లో విద్యార్థుల ప్రశ్నలకు మెసేజ్‌లలోనే జవాబులిచ్చే చాట్‌బాట్‌ను పెట్టి చూసింది. అలా సీటు ఖరారయ్యాక జారిపోయేవాళ్లు దాదాపు ఐదో వంతు తగ్గారు.

ఇంట్లో కాలేజీ చదివినవాళ్లు ఉంటే ఈ దశ పెద్దగా తెలియకుండానే గడిచిపోతుంది, ఎవరో ఒకరికి ఆ ఫారం భాష వచ్చు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కుతున్న పిల్లలకు మాత్రం ప్రతి ఫారమూ ఒక పరీక్షే, సిలబస్ లేని పరీక్ష. ‘ప్రొవిజనల్’ అంటే ఏమిటి, ‘నాన్ రిఫండబుల్’ అంటే ఏమిటి, ఆఫీసులో ఏ కిటికీ దగ్గర నిలబడాలి, ఇవి ఎవరూ పాఠంగా చెప్పరు. తెలియదని ఒప్పుకోవడం వాళ్లకు నామోషీగా కూడా ఉంటుంది.

## చదివే పద్ధతి పాతది, అడిగే ప్రశ్న కొత్తది

స్కూల్లో పనిచేసిన చదువు కాలేజీలో పనిచేయకపోవడానికి ఒక సూటి కారణం ఉంది. చాలామంది పిల్లలకు చదవడం అంటే మళ్లీ మళ్లీ చదవడమే. పసుపు రంగు మార్కర్‌తో గీతలు గీస్తూ అధ్యాయాన్ని మూడుసార్లు తిరగేస్తే మూడోసారికి అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, వాక్యాలు పరిచయమైపోతాయి కదా. పుస్తకం మూసి ఒక తెల్ల కాగితం ముందు పెట్టుకుంటే నాలుగు వాక్యాలు దాటి రాయలేరు. కంటికి పరిచయమైంది వేరు, బుర్రలో నిలిచింది వేరు.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగం ఈ తేడాను బాగా పట్టి చూపిస్తుంది. ఒక గుంపు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకో గుంపు ఒక విడత చదివి, మిగతా మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే లెక్క తారుమారైంది: నాలుగు విడతలు చదివినవాళ్లకు 40 శాతం దాకా గుర్తుంటే, రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం గుర్తుంది. వారం ముందు చేసిన అంచనాలో మాత్రం, మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది చదివిన గుంపే.

స్కూల్లో ఈ లోపం బయటపడదు, ఎందుకంటే వారం వారం పెట్టే చిన్న పరీక్షలే ఆ ‘రాసి చూసుకునే’ పనిని బలవంతంగా చేయిస్తాయి. కాలేజీలో ఆ పరీక్షలు పోతాయి, మార్కర్ మిగులుతుంది. కాబట్టి ‘ఇంకా ఎక్కువ చదువు’ అనే సలహా ఇక్కడ దాదాపు పనికిరానిది. ఆ పిల్లలు అప్పటికే చాలా గంటలు కూర్చుంటున్నారు, ఫలితం రావట్లేదు, దాంతో ‘నాకు బుర్ర లేదు’ అనే నిర్ణయానికి వచ్చేస్తారు. పద్ధతి మార్చుకోమని ఎవరో ఒకరు మొదటి నెలలోనే చూపించి చేయిస్తే ఆ నిర్ణయం దాకా పోరు.

## ‘అందరికీ అర్థమైనట్టే ఉంది’

ఇంకో కారణం మనసుకు సంబంధించింది. కొత్త చోట అందరూ ధీమాగానే కనిపిస్తారు, లోపల గుబులు తనకొక్కడికే అనిపిస్తుంది. పక్కవాడికీ అదే గుబులు ఉందని తెలిసే దారి లేదు, వాడూ ధీమాగా ఉన్నట్టే నటిస్తున్నాడు. దాంతో ఒక తక్కువ మార్కు వచ్చినా, ఒక లెక్చరర్ విసుక్కున్నా, గుంపులో ఎవరూ పిలవకపోయినా అన్నీ ఒకే ముగింపుకు చేరతాయి: నేను ఇక్కడికి రావాల్సింది కాదు.

గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రచురించిన పరిశోధనలో, సీనియర్లు కూడా మొదట్లో ఇలాగే అనుకున్నారని, కాలక్రమంలో అది సర్దుకుందని కొత్త విద్యార్థులకు ఒక గంట సేపు చదివించి, దాని గురించి సొంత మాటల్లో రాయించారు. మైనారిటీగా ఉన్న నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తర్వాత మూడేళ్లూ మెరుగయ్యాయి. ఇదేదో మంత్రంలా ఉందే అనిపిస్తుంది కానీ, ఇదే పద్ధతిని 22 విద్యాసంస్థల్లో దాదాపు 27 వేలమంది మీద పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించినప్పుడు అసలు విషయం తేలింది. ప్రభావం చిన్నది, అది కూడా విద్యార్థులకు నిజంగా కలిసిపోయే అవకాశాలు ఉన్న కాలేజీల్లోనే కనిపించింది. గోడ మీద ‘నువ్వు మావాడివే’ అని రాసి, ఆఫీసులో గంటలు గంటలు నిలబెట్టే చోట ఆ రాత వల్ల ఏమీ ఒరగదు.

ఈ వయసుకు ఇంకో బరువు కూడా ఉంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మానసిక సమస్యల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు 24 ఏళ్లలోపే మొదలవుతాయని 2005లో అమెరికా సర్వే ఒకటి లెక్క తేల్చింది. ఎనిమిది దేశాల్లో 19 విశ్వవిద్యాలయాల మొదటి ఏడాది విద్యార్థులు సుమారు 14 వేలమందిని అడిగి 2018లో ప్రచురించిన సర్వేలో, మూడో వంతుకు పైగా ఏదో ఒక సాధారణ మానసిక సమస్య లక్షణాలు తమకు అప్పటికే కనిపించాయని చెప్పారు. అది వాళ్లు నింపిన ప్రశ్నాపత్రం ఆధారంగా తేలిన లెక్క, డాక్టర్ పరీక్షించి చెప్పింది కాదు. అయినా అంతమంది అలాంటి బరువుతో గేటు దాటుతున్నారంటే, కౌన్సెలర్ ఎక్కడో మూల గదిలో కూర్చుని ఎవరైనా వస్తారేమోనని చూడటం సరిపోదు.

## ఇంటి వైపు: వదిలేయడం కాదు, అప్పగించడం

తల్లిదండ్రులు మామూలుగా రెండు దారుల్లో ఒకటి పడతారు. ఒకటి, అన్నీ తామే చూసుకోవడం: పొద్దున ఫోన్ చేసి లేపడం, లెక్చరర్‌కు తామే కాల్ చేయడం, లొకేషన్ చూస్తూ ఉండటం. రెండోది, ‘పెద్దయ్యావు, నీ ఇష్టం’ అని చేయి వదిలేయడం. మొదటిదాని గురించి 2014లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, తల్లిదండ్రులు అతిగా అదుపు చేస్తున్నారని చెప్పిన కాలేజీ విద్యార్థుల్లోనే దిగులు ఎక్కువ, జీవితం మీద తృప్తి తక్కువ కనిపించాయి. ఇక్కడ తొందరపడకూడదు, దిగులుగా ఉన్న పిల్లలను చూసే తల్లిదండ్రులు ఎక్కువ పట్టించుకుంటున్నారేమో కూడా. ఏది ముందో ఆ లెక్కలు చెప్పవు. ఒకటి మాత్రం ఎవరికైనా అర్థమయ్యేదే: అమ్మ లేపితే లేచే అలవాటు అమ్మ ఫోన్ ఎత్తని రోజున పనికిరాదు.

రెండింటికీ మధ్యలో దారి ఉంది, అది స్కూలు చివరి ఏడాదిలోనే మొదలవ్వాలి. ముందు పని తల్లిదండ్రులు చేస్తారు, పిల్లలు పక్కన కూర్చుని చూస్తారు. తర్వాత పిల్లలు చేస్తారు, పెద్దవాళ్లు పక్కన కూర్చుంటారు, నోరు మెదపరు. ఆ తర్వాత పెద్దవాళ్లు అక్కడ ఉండరు, అయ్యాక సంగతి వింటారు. బ్యాంకు ఖాతా, డాక్టర్ అపాయింట్‌మెంట్, ప్రయాణం టికెట్, కాలేజీ ఫారం, నెల ఖర్చు, పొద్దున లేవడం, అన్నింటికీ ఇదే వరస. ఫారంలో పిల్లలు తప్పు రాస్తారు. రాయనివ్వండి, గడువుకు ఇంకా రెండు వారాలు ఉన్నప్పుడు చేసిన తప్పుకు ఖరీదు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, కాలని వేడి దగ్గరే చేయి పెట్టి చూసుకోవడం నయం. డబ్బు విషయంలో కూడా అడిగినప్పుడల్లా ఇవ్వడం కంటే నెలకింతని ఒక్కసారే ఇచ్చి, ఇరవయ్యో తారీఖుకు అయిపోతే ఏం చేస్తారో చూడటంలో నేర్చుకునేది ఎక్కువ.

ఇక ఫోన్ సంభాషణ. చాలా ఇళ్లలో అది ఇలా సాగుతుంది.

‘ఎలా ఉన్నావు నాన్నా?’

‘బాగున్నా.’

‘క్లాసులు అవుతున్నాయా?’

‘ఆ.’

‘బాగా చదువుతున్నావా?’

‘చదువుతున్నా అమ్మా.’

నిమిషం కాకముందే అయిపోయింది. అబ్బాయి అబద్ధం ఆడలేదు. అడిగిన మూడు ప్రశ్నలకూ అవుననడం తప్ప వేరే జవాబుకు చోటే లేదు. అదే అమ్మ ఇంకోలా అడిగితే:

‘ఈ వారం బొత్తిగా అర్థం కాని క్లాసు ఏది?’

‘ఫిజిక్సమ్మా. మొదట్లో బాగానే ఉంది, ఇప్పుడు ఏం చెప్తున్నారో తెలీట్లేదు.’

‘ఎవర్నన్నా అడిగావా?’

‘లేదు. మిగతా అందరికీ అర్థమైనట్టే ఉంది.’

సమస్య బయటికి వచ్చేసింది, పైగా మూడో వారంలోనే. ఇప్పుడు అమ్మ చేయాల్సింది కాలేజీకి ఫోన్ కొట్టడం కాదు, లెక్చరర్ పేరు కనుక్కోవడమూ కాదు. ‘రేపు ఒకే ఒక్క డౌటు కాగితం మీద రాసుకుని క్లాసవగానే వెళ్లి అడుగు, ఏమన్నారో సాయంత్రం చెప్పు’ అంటే చాలు. పని పిల్లాడిదే, తోడు అమ్మది.

మొదటి తక్కువ మార్కులు ఇంటికి చేరిన రోజు అన్నింటికంటే కీలకం. ఆ రోజు ఇంట్లో ఎంత పెద్ద గొడవైతే, తర్వాతి తక్కువ మార్కుల సంగతి అంత ఆలస్యంగా తెలుస్తుంది. పిల్లలు మార్కులు దాచిపెట్టడం వ్యక్తిత్వ లోపంలా చూస్తాం కానీ, చాలాసార్లు అది మొదటిసారి చెప్పినప్పుడు వాళ్లు నేర్చుకున్న పాఠం. ఊరుకోమని కాదు. ‘ఎందుకు తగ్గాయి’ అని నిలదీసే బదులు ‘పరీక్షకు ముందు వారం ఎలా చదివావో చూపించు’ అని కూర్చుంటే మార్కర్ గీతలు, ఖాళీ కాగితం సంగతి అన్నీ అక్కడే తెలుస్తాయి.

కాలేజీ మొహం చూడని తల్లిదండ్రులు ‘మాకేం తెలుసు, మేమేం చెప్పగలం’ అని వెనక్కి తగ్గుతుంటారు. అది సరైన లెక్క కాదు. సబ్జెక్టు చెప్పలేకపోవచ్చు. కానీ తెలియని ఆఫీసులో నిలబడి, తెలియని మనిషిని అడిగి, పని చేయించుకొచ్చిన అనుభవం వాళ్లకు బోలెడంత ఉంటుంది, పిల్లలకు సరిగ్గా కొరవడేది అదే. నికోల్ స్టీవెన్స్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో, సీనియర్లు ఒక గంట సేపు తమ కుటుంబ నేపథ్యం తమకు ఎక్కడ అడ్డొచ్చిందో, ఎక్కడ బలమైందో దాచకుండా చెప్పారు. అది విన్నవాళ్లలో, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చిన విద్యార్థులకూ మిగతావాళ్లకూ మధ్య మార్కుల తేడా ఆ ఏడాది చివరికి బాగా తగ్గింది, లెక్చరర్లను కలిసి సాయం అడగడం పెరిగింది.

## కాలేజీ వైపు: అడగందే అమ్మయినా పెట్టదంటే కుదరదు

చాలా కాలేజీల్లో సాయానికి కొదవ లేదు. మెంటర్ ఉంటారు, కౌన్సెలర్ ఉంటారు, వెనకబడిన సబ్జెక్టులకు అదనపు క్లాసులు ఉంటాయి, లెక్చరర్లను గదిలో కలిసే గంటలు నోటీస్ బోర్డు మీద ఉంటాయి. అన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి: వచ్చి అడిగితే చేస్తాం. అడగడం వచ్చిన పిల్లలు, అంటే అప్పటికే నిలదొక్కుకున్నవాళ్లు, వాటిని వాడుకుంటారు. మునుగుతున్నవాళ్లు రారు, ఎందుకంటే వస్తే మునుగుతున్నట్టు తెలిసిపోతుందని భయం. ఫలితంగా సాయం ఎవరికి తక్కువ అవసరమో వాళ్లకే ఎక్కువ అందుతుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు, ఏర్పాటే అలా ఉంది.

ఈ ఏర్పాటును తిరగేస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ న్యూయార్క్‌లో ఉంది. సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ 2007లో తన రెండేళ్ల కాలేజీల్లో ‘ఏసాప్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మామూలుగా ఒక సలహాదారుకు 600 నుంచి 1500 మంది దాకా విద్యార్థులు ఉండే చోట, ఈ కార్యక్రమంలో 60 నుంచి 80 మందినే ఇచ్చారు. వాళ్లను క్రమం తప్పకుండా కలవడం తప్పనిసరి చేశారు, ఇష్టమైతే రమ్మనలేదు. ట్యూషన్, పుస్తకాల ఖర్చు, ప్రయాణానికి పాస్ ఇచ్చారు. ఆ పాస్ కొనసాగాలంటే కార్యక్రమంలో పాల్గొంటూ ఉండాలి, కాబట్టి పిల్లలు సలహాదారు గదికి రావడం ఎవరి ముందూ తలవంపు అనిపించనక్కర్లేదు, పాస్ కోసమే వచ్చినట్టు ఉంటుంది. లాటరీ పద్ధతిలో విద్యార్థులను రెండు గుంపులుగా చేసి పోల్చి చూస్తే, మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు మామూలు గుంపులో 22 శాతం, ఏసాప్ గుంపులో 40 శాతం. ఒహైయోలో మూడు కాలేజీలు ఇదే నమూనాను తీసుకున్నప్పుడు కూడా 19 శాతానికి 35 శాతంగా తేలింది. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ న్యూయార్క్‌లో ఒక్కో డిగ్రీకి అయిన ఖర్చు లెక్కేస్తే తగ్గింది, మధ్యలో వదిలేసినవాళ్ల మీద పెట్టిన డబ్బు వృథా అయ్యేది కదా.

అంత డబ్బు అన్ని కాలేజీల దగ్గరా ఉండదు. అయినా దాని కీలకాన్ని చవగ్గా అరువు తెచ్చుకోవచ్చు. మూడో వారంలోనే మార్కులు కలపని ఒక చిన్న పరీక్ష పెట్టి పేపర్ దిద్ది ఇవ్వడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. దాంతో ఎనిమిదో వారం ఉలికిపాటు మూడో వారానికే వస్తుంది, సర్దుకునే సమయం మిగులుతుంది. లెక్చరర్ క్లాసులో ఒక పది నిమిషాలు కేటాయించి, పుస్తకం మూయించి, ఇవాళ చెప్పింది రాయించి చూపించవచ్చు. మొదటి రోజు పరిచయ కార్యక్రమంలో ఆరు గంటల ఉపన్యాసాలు కుక్కే బదులు, అవే సంగతులను ఆరు వారాల పాటు వారానికో గంట చొప్పున, అవసరం వచ్చిన వారంలోనే చెప్పవచ్చు: లైబ్రరీ సంగతి మొదటి అసైన్‌మెంట్ వారంలో, పరీక్షల సంగతి పరీక్షలకు మూడు వారాల ముందు. సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం 1972లోనే కొత్త విద్యార్థుల కోసం ఇలాంటి ప్రత్యేక కోర్సు మొదలుపెట్టింది, ఆ తర్వాత చాలా చోట్ల దాన్ని అనుసరించారు.

హెచ్చరిక ఉత్తరాల సంగతి విడిగా చెప్పుకోవాలి. హాజరు తగ్గినప్పుడు చాలా చోట్ల వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది: ‘మీ హాజరు నిర్ణీత శాతం కంటే తక్కువగా ఉన్నందున నిబంధనల ప్రకారం చర్య తీసుకోబడును.’ ఇది చదివిన విద్యార్థి తర్వాతి క్లాసుకు రావాలో, ఆఫీసుకు వెళ్లాలో, ఇంటికి పోవాలో తెలియక అసలు ఎటూ వెళ్లడు. అదే సంగతి ఇలా రాయవచ్చు: ‘గత రెండు వారాల్లో ఐదు క్లాసులకు రాలేదు. ఏదైనా ఇబ్బంది ఉందా? గురువారం రెండింటికి నా గదికి రాగలవా? రాలేకపోతే ఏ రోజు వీలవుతుందో చెప్పు.’ కింద ఒక మనిషి పేరు. నిబంధన అదే, దాన్ని ఎవరూ సడలించలేదు. కానీ రెండో ఉత్తరంలో తర్వాతి అడుగు ఏమిటో ఉంది, తలుపు ఎవరిదో ఉంది.

కనిపెట్టాల్సిన సూచనలు కూడా పెద్ద రహస్యాలేమీ కావు. మొదటి మూడు వారాల్లో హాజరు, మొదటి అసైన్‌మెంట్ ఇచ్చారా లేదా, కాలేజీ మెయిల్ తెరుస్తున్నారా, ఈ మూడూ ఏ రిజిస్టర్‌లోనైనా దొరుకుతాయి. దొరకనిది, వాటిని చూసి ఆ వారమే ఫోన్ చేసే మనిషి. కంప్యూటర్ ఎర్ర గుర్తు పెడుతుంది సరే, ఆ గుర్తు చూసి ఎవరు కదలాలో పేరు రాసి లేకపోతే అది స్క్రీన్ మీదే ఉండిపోతుంది. చాలా కాలేజీలు సాఫ్ట్‌వేర్ కొని ఆగిపోయే చోటు ఇదే.

## ఇద్దరి మధ్య ఉన్న గీత

తల్లిదండ్రులకూ కాలేజీకీ మధ్య సమాచారం ఎంతవరకు పోవాలన్నది ఎక్కడైనా చిక్కు ప్రశ్నే. అమెరికాలో 1974 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండినా, లేదా స్కూలు దాటి పై చదువులో చేరినా, విద్యా రికార్డుల మీద హక్కు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి మారుతుంది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ మామూలుగా పిల్లల సమ్మతి ఉంటేనే మార్కులు చెబుతారు. ఇంకోవైపు వారం వారం ఇంటికే హాజరు పంపే కాలేజీలూ ఉన్నాయి. మొదటి పద్ధతిలో ఇల్లు చీకట్లో ఉండిపోతుంది, రెండో పద్ధతిలో విద్యార్థి మళ్లీ స్కూలు పిల్లాడైపోతాడు, పైగా కాలేజీ తనతో మాట్లాడాల్సిన మాట ఇంటికి చెప్పి చేతులు దులుపుకుంటుంది.

చట్టం ఎలా ఉన్నా ఇంట్లో ముందే ఒక ఒప్పందం చేసుకోవచ్చు, అదీ చేరకముందు, గొడవలేమీ లేని రోజున. ఏయే సంగతులు పిల్లలు తామే చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఏది వాళ్ల సొంతం. ఫలితాలు వచ్చిన రోజే చెప్పడం, ఆరోగ్యం బాగోకపోతే వెంటనే చెప్పడం, డబ్బు అప్పు చేస్తే చెప్పడం, మిగతాది నీ ఇష్టం, ఇలా నాలుగు మాటల్లో తేల్చుకున్నా చాలు. కాలేజీ కూడా మొదటి రోజునే తల్లిదండ్రులకు ఏం చెబుతామో, ఏం చెప్పమో, అత్యవసరమైతే ఏ నంబరుకు చేయాలో ఒక పేజీలో ఇస్తే, తర్వాత వచ్చే సగం ఫోన్లు రావు.

## మానేస్తానన్నప్పుడు

ఇవన్నీ చేసినా కొందరు కోర్సు మార్చుకుంటామంటారు, కొందరు ఇక చదవలేమంటారు. ఈ మాట సాధారణంగా మొదటి పరీక్షల తర్వాత గానీ, సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్లాల్సిన ముందు రోజు రాత్రి గానీ వస్తుంది. ఆ రాత్రి నిర్ణయం తీసుకోకపోవడమే మంచిది, ఏ వైపైనా. చదువు నచ్చలేదా, చోటు నచ్చలేదా, ఒంటరిగా ఉందా, ఒక్క సబ్జెక్టే పీడిస్తోందా, నిద్ర ఉందా లేదా, వీటన్నింటికీ బయటికి వచ్చే మాట ఒక్కటే: ‘నా వల్ల కాదు.’ విడదీసి చూస్తే కొన్నింటికి గది మార్చుకుంటే సరిపోతుంది, కొన్నింటికి కోర్సు మార్చుకోవాలి, కొన్నింటికి డాక్టర్ కావాలి. అన్నిటికంటే ముందు చూడాల్సింది చివరిదే, ప్రాణం మీదికి తెచ్చుకునే మాట ఏదైనా నోట వస్తే మార్కులూ ఫీజులూ అన్నీ తర్వాత, అప్పుడు తోడుగా ఉండి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

నిజంగానే ఆగాల్సి వస్తే, ఎలా ఆగుతున్నారన్నది ముఖ్యం. చెప్పకుండా క్లాసులకు రావడం మానేసినవాళ్ల పేరు పక్కన తప్పిన సబ్జెక్టులు, కట్టని ఫీజులు పేరుకుపోతాయి, తిరిగి రావాలనుకున్న రోజు అవే గోడవుతాయి. పద్ధతి ప్రకారం విరామం తీసుకున్నవాళ్లకు సీటు నిలిచే వీలుంటుంది, పాసైన సబ్జెక్టులు మిగులుతాయి. కాబట్టి విరామానికి దరఖాస్తు ఉందా, గడువెంత, స్కాలర్‌షిప్ ఏమవుతుంది, ఈ మూడు ప్రశ్నలకు జవాబులు తీసుకున్నాకే పెట్టె సర్దుకోవాలి. కాలేజీలు కూడా ఆ దరఖాస్తులో ‘మానేయడానికి కారణం’ అనే ఒక్క గడితో ఆపకుండా, తిరిగి వచ్చే తేదీ రాసే గడి ఒకటి, ఆ తేదీకి నెల ముందు విద్యార్థికి ఫోన్ చేయాల్సిన మనిషి పేరు రాసే గడి ఒకటి పెట్టాలి.